నిరీక్షణమందలి మాధుర్యము

నేడు ఏబది సంవత్సరముల వయస్సు దాటినవారు నలుగురు కలిసినచోట ఒక ముచ్చట తరచుగ వినవచ్చుచుండును. ఇంటిలో ఒక చలనచిత్రమును చూచుటకై వారమంతయు వేచియుండిన కాలమును గూర్చిన ముచ్చట అది. ఆ చిత్రముల కథలు వారికి సగము మరపునకు వచ్చినవి. చెక్కుచెదరక నిలిచినది వేచియుండుటయే. కోరిన వస్తువు మరపునబడి, కోరిక మాత్రము మధురముగ మిగులుట విచారింపదగిన విషయము.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగరూపమున ఆరంభమైన దూరదర్శన ప్రసారము హైదరాబాదునకు 1977లో గాని రాలేదు. 1982లో రంగులును, జాతీయ కార్యక్రమమును వచ్చినవి. ఆ దశాబ్దమందే ప్రసారము చిన్న పట్టణములకు వ్యాపించెను. అయినను పెట్టె వీధికి ఒకటి రెండిండ్లనే యుండెడిది. ఆదివారము సాయంకాలము హిందీ చిత్రము. మధ్యాహ్నము ఇతర భాషల చిత్రములు వంతులవారీగ. ఢిల్లీలోనో, ఖరగ్‌పూరులోనో నివసించు ఆంధ్రులకు తమ భాష వంతు ఎన్ని వారములకో గాని వచ్చెడిది కాదు. వచ్చిననాడు కరెంటు నిలిచియుండుట ఒక భాగ్యము. మేడపై నొకడు ఏంటెనాను త్రిప్పుచు "వచ్చినదా?" అని కేకవేయును; "ఇంక కొంచెము" అని క్రిందివారందురు. నడుమ ప్రసారము ఆగి, అంతరాయమునకు చింతించుచున్నామను పలక తెరపై నిలిచినచో, దానినిసైతము జనులు కదలక చూచుచుండిరి! వీడియో క్యాసెట్లు వచ్చిన పిదప వీధివారు చందాలు వేసికొని, పరికరమును ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, తెల్లవార్లు మూడు నాలుగు చిత్రములను చూచెడివారు.

దీనిని ఓర్పనవచ్చునా? వేదాంతులు తితిక్షను చెప్పునపుడు, ప్రతిక్రియకు పూనుకొనక, చింతయు విలాపమును లేక సహించుటను చెప్పిరి. ప్రతిక్రియకు శక్తియే లేనివాడు ఆగుట వేరు. నాటి జనులు వేరు గతి లేక వేచియుండిరి. వీలు చిక్కిన వెంటనే క్యాసెట్ల దుకాణమునకు పరుగిడినవారును వారే.

ఇంకొక సంగతి కలదు. పెట్టెగల ఇంటివారు చాపపై కూర్చుండిరి. ఇరుగుపొరుగు పిల్లలు గడపవద్ద నుండిరి. మరికొందరు కిటికీ ఊచలను పట్టుకొని వెలుపల నిలిచిరి. ఇంటి యజమానికి మనస్సు బాగుండనినాడు తలుపు మూయబడెడిది. ఊచలను పట్టుకొనిన ఆ బాలుడు నేడు పెద్దవాడై ఆ కాలమును ముచ్చటగ చెప్పుకొనునా? కొందరు చెప్పుకొందురు. కొందరు మాటాడక లేచిపోవుదురు. గతకాలమును ప్రశంసించువారు ఈ మౌనమును లెక్కకు తెచ్చుకొనరు.

అట్లయిన పోయినదేమి? ఎంపిక తమ చేతులలో లేకుండుటవలన కలిగిన ఒక విశ్రాంతి పోయినది. చిత్రమును ఎవరో నిర్ణయించిరి. నచ్చినను నచ్చకున్నను అందరును ఒకేసారి చూచిరి. ముసలమ్మ కన్నీరు పెట్టినచోటనే పిల్లలు నవ్విరి, అందుకు చీవాట్లు తినిరి. మూడుగంటలసేపు ప్రతివాడును తన ఇష్టమును ప్రక్కన నుంచెను. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్సు మనదేశమునకు వచ్చినది. అట్టివి అనేకము రాగా నేడు వేల చిత్రములు కోరినక్షణమున సిద్ధము. చూచువాడు ఒకదానిని పది నిమిషములు చూచి విడుచును, మరియొకదానిని తెరచును, తుదకు ఏదియు చూడక నిద్రించును. కొన్ని కుటుంబములు మాత్రము ఆదివారమున ఒక గడియను నియమించుకొని, ఫోనులను దూరముగ నుంచి, ఒకే చిత్రమును కలిసి చూచుచున్నవి. ఓర్పను పేరు నాటివారికంటె వీరికే ఎక్కువ తగును. వీరు వేచియుండుటను తామై ఎంచుకొనిరి గదా.

ఇతర గృహములందలి స్థితి వేరు. తాత తన యౌవనమున చూచిన చిత్రమొకటి కావలెననును. మనుమడు క్షణములో దానిని వెదకి చూపి, "ఎప్పుడు కావలసిన అప్పుడు చూడవచ్చును, తాతా" అనును. తాత సంతసించును. వారము గడచును, నెల గడచును. చిత్రము అచ్చటనే యుండును.