లేఖరి తప్పు

జంగారెడ్డిగూడెంలో క్యాన్సర్ అనగానే పొగాకు గుర్తొస్తుంది. వర్జీనియా పొగాకు పండించి, బ్యారన్లలో క్యూరింగ్ చేసి, వేలంలో అమ్ముకునే ప్రాంతం. చుట్ట తాగేవాడికి జబ్బు చేస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. ఏ అలవాటూ లేని ఆడమనిషికి అండాశయంలో గడ్డ తేలినప్పుడే లెక్క కుదరదు. 'ఏ జన్మలో చేసుకున్న పాపమో' అనే మాట అప్పుడు పుడుతుంది. ఆ మాట అనేవాళ్లు కఠినులు కారు. కారణం లేని బాధ కంటే పాపఫలమనుకున్న బాధ ఓర్చుకోవడం తేలిక కాబోలు. ఇప్పుడు 'జీన్స్‌లోనే ఉందట' అన్నది దానికి తోడై, బ్రహ్మరాత డాక్టర్లకి దొరికిపోయినట్టే అయింది. నాకు మాత్రం అక్కడ కనబడేది లేఖరి తప్పు.

తాళపత్రానికి నకలు తీసే లేఖరిలాగే కణం కూడా చీలే ముందు తన గ్రంథమంతా నకలు తీసుకుంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ఒక్కోటి దాదాపు 300 కోట్ల అక్షరాలు. అందులో పాడైనచోట్ల మరమ్మతు చేసే జన్యువుల్లో బీఆర్‌సీఏ1 ఒకటి; అది చెడితే అండాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అది 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం చూపింది. 1994లో జన్యువే చేతికందింది. దానిలో పేరుమోసిన ఒక తప్పులో పోయేది రెండే రెండక్షరాలు. కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది గనక, అక్కణ్నుంచి ప్రతి మాటా పక్కకి జరిగి, వాక్యం మధ్యలోనే తెగిపోతుంది. తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో ఇదీ, ఇలాంటివి మరో రెండూ కలిపి సుమారు 40 మందిలో ఒకరికి ఉంటాయి. వాళ్లంతా కూడబలుక్కుని ఒకే పాపం చేశారనాలా? తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న గుంపులో ఏ పూర్వీకుడి ప్రతిలోని తప్పో తరతరాలా నకలైంది, అంతే.

వేదాంతి ఒప్పుకోడు. పుట్టుకతో తెచ్చుకున్నదే ప్రారబ్ధం, వదిలిన బాణం వెనక్కి రాదంటాడు. కానీ బీఆర్‌సీఏ1 తప్పుతో పుట్టిన ఆడవాళ్లలో కూడా 80 ఏళ్లు వచ్చేసరికి అండాశయ క్యాన్సర్ బారిన పడేది సుమారు 44 శాతమే. ఈ బాణం సగానికి పైగా గురి తప్పుతోంది. పైగా 2011లో ఎక్కువగా కనిపించే రకానికి చెందిన 316 గడ్డల జన్యువులను పరిశీలిస్తే, 96 శాతం గడ్డల్లో టీపీ53 అనే మరో జన్యువు చెడి ఉంది. ఆ చెడుపు సాధారణంగా పుట్టాక, ఏదో ఒక్క కణంలో, తరచు అండవాహిక కొసన మొదలవుతుంది. తెచ్చుకున్నదీ కాదు, చేసుకున్నదీ కాదు. అసలు జంగారెడ్డిగూడెం దగ్గరి గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి చుట్టూ ప్రదక్షిణలు చేసే భక్తురాలు రాత మార్చమనే కదా మొక్కుకుంటోంది! రాత మారదని ఆమె కూడా నమ్మడం లేదు.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: పరీక్ష చేయించి తప్పు బయటపెడితే ఆడపిల్లకి సంబంధాలు తప్పిపోతాయని. ఆ భయం నిజమైనదే, తేలిగ్గా కొట్టేయలేను. అయితే దాచినందువల్ల జబ్బు ఆగదు. తెలిస్తే కాన్పులయ్యాక 35–40 ఏళ్ల మధ్య అండాశయాలు, వాహికలు తీయించుకుని ముప్పు చాలావరకు తప్పించుకోవచ్చు. జబ్బు వచ్చినా, మరమ్మతు చేతకాని ఆ లోపాన్నే పట్టుకుని గడ్డను దెబ్బతీసే ఓలాపరిబ్ 2014 నుంచి వాడుకలో ఉంది. ఇక 'తల్లి పోలిక' అని ఆడవైపే వేలు చూపడం బొత్తిగా అన్యాయం. ఈ తప్పు తండ్రి నుంచి కూడా అంతే సమానంగా, సగం పాళ్ల అవకాశంతో దిగుతుంది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే అమ్మమ్మతో పాటు మేనత్త సంగతీ చెప్పాలి.