కావలి యెవరిది?

హృదయమును భద్రముగా కాపాడుకొనవలెనని సామెతలు 4:23 బోధించుచున్నది. మంచెమీది కావలివానివలె మనమును మేలుకొని కూర్చుందుము. తెల్లవారుజామున కునుకు పట్టును. మొన్న సంఘకూటములో ఒక సహోదరుడు మమ్మునుగూర్చి పలికిన మాట, కంచె దాటిన గొడ్డువలె మూడు రాత్రులు మా హృదయమును మేసెను. ఆ ఆదివారము సమాధానమునుగూర్చి ప్రసంగించినదియు మేమే!

పౌలు బంధకములలోనుండి ఫిలిప్పీయులకు వ్రాసినది చూడుడి. 4:7లో కావలి మనది కాదు, దేవుని సమాధానమునది. అతడు వాడిన గ్రీకు మాట సైనికులు పట్టణమును కాయుటకు చెల్లునది. ఫిలిప్పీ, రోమా సైనికులు కాపురమున్న పట్టణము. వారికది యెరిగిన మాటయే. అయితే దానికి ముందు 6వ వచనములో ప్రార్థన యున్నది. మేమా సహోదరుని పేరు ప్రార్థనలో ఎత్తనేలేదు. నాలుగవ రాత్రి ఎత్తితిమి. కోపమంతయు పోయెనని చెప్పజాలము, నిద్ర మాత్రము పట్టెను. ఆయన యింటికి పోవుట యింకను మిగిలియున్నది.