రిమోట్ చేతిలో ఉన్నప్పుడు

1970లలో ఇటలీలో వరసబెట్టి వచ్చిన పోలీసు సినిమాల డీవీడీలు, బ్లూరేలు పోగు చేస్తుంటాను. ‘పోలిత్సియొత్తెస్కి’ అంటారు వీటిని. దోపిడీలు, కిడ్నాపులు, కారు ఛేజులు. చట్టం తన చేతులు కట్టేసిందని మండిపడే పోలీసు, చివరికి తుపాకీతోనే తీర్పు చెప్పేస్తాడు. 1976లో ఉంబెర్తో లెంజి తీసిన ‘రోమా ఎ మానో అర్మాతా’లో మౌరీత్సియో మెర్లి చేసేది అదే.

పాత సినిమాలే కదా, ఇప్పుడెవరికి నష్టం అనుకోవచ్చు. కానీ ఆనాటి ప్రేక్షకుడు హాల్లోంచి బయటికొస్తే వీధిలోనూ అదే భయం. 1969 డిసెంబరు 12న మిలాన్‌లో, పియాత్సా ఫొంతానాలోని బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. 1978లో మాజీ ప్రధాని అల్దో మోరోను ఎత్తుకెళ్ళి చంపారు. అతను చప్పట్లు కొట్టాడంటే ఆ భయం కొంత కారణం. నాకు ఆ భయం లేదే, మరి ఆ తుపాకీ పేలితే నాకెందుకు హాయిగా ఉండాలి?

ఫెర్నాందో ది లేయో తీసిన ‘మిలానో కాలిబ్రో 9’ (1972)లో ఇద్దరు పోలీసు అధికారులు నేరాన్ని అణచడం గురించీ, దాని వేళ్ళెక్కడున్నాయన్న దాని గురించీ వాదించుకుంటారు. కథ అక్కడ నెమ్మదిస్తుంది. హాల్లో కూర్చున్నవాడికి అది వినక తప్పదు. ఇంట్లో నేను ఒక్క నొక్కుతో తర్వాతి కొట్లాటకి పోవచ్చు.

సేకరించడం తప్పనను. ఈ సినిమాలు పోతే ఒక దేశం ఎలా భయపడిందో తెలుసుకునే దారి ఒకటి మూసుకుపోతుంది. అయితే దెబ్బలు చూసి వాదన దాటేస్తే, అల్మరా నిండా డిస్కులున్నా ఆ కాలం నా దగ్గర లేనట్టే. అందుకే ఆ ఇద్దరి మాటలు అయ్యేదాకా రిమోట్ బల్ల మీదే ఉంచుతాను.