ఎగువవారి ధర్మము

కాలువ ఎగువన తూము తెరచినవానికి శివారు రైతు కనబడడు. కనబడనివానికి కలుగు నష్టమునకు మనము బాధ్యులమా?

ప్రకృతిలో దీనికొక దృష్టాంతము గలదు. భూమధ్యరేఖ చెంత పసిఫిక్ సముద్రజలము కొన్నేండ్లకొకసారి అధికముగా వేడెక్కును. దీనినే ఎల్ నినో అందురు. ఆ వేడిమి వాయుమండలమున పెనుతరంగములను లేపును. అవి ఉత్తరమునకు సాగి పైకెగసి, శీతకాలమున ధ్రువముపై 10 మొదలు 50 కిలోమీటర్ల ఎత్తున తిరుగు సుడిగాలిని సడలించును. అంతట అచటి గాలి దిగి వెచ్చబడును. అదే ఎల్ నినో మన వానలను సైతము తఱచు తగ్గించును. అది నెలకొన్న 2023లో కర్ణాటకమున 223 తాలూకాలు కరవుప్రాంతములుగా ప్రకటింపబడినవి. మన రాయచూరు జిల్లాకును ఆ కరవు తప్పలేదు.

సముద్రమునకు మనస్సు లేదు గనుక దోషమును లేదు. మనకు మనస్సు గలదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరందిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చిన మనవారనేకులు గంగావతి, సింధనూరు క్యాంపులలో వరి పండించుచున్నారు. దిగువన మాన్వి, రాయచూరు రైతులు ఎడమకాలువ నీటికై ఎదురుచూచుచున్నారు. తెలియనంతవరకు దూరము మనకొక సాకు. తెలిసిన పిమ్మట, మన మడి తడిసినంతనే తూము మూయుట ధర్మము.