తామరాకు కాడ

కార్తీకం చివర్లో అమ్మతో కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్లాను. దారిలో కొల్లేరు నీళ్లలో జమ్ము, తుంగ, కలువలు. మధ్యలో గుర్రపుడెక్క కూడా ఉందనుకోండి, అది మన మొక్క కాదు. ఒకచోట తామరాకులు. అంచులు ఎండుతున్నా నీటిబొట్టు నిలవకుండా జారిపోతోంది.

నా ఉద్యోగం పోయి అప్పటికి మూడు వారాలు. ఇంట్లో చెప్పలేదు. గీత 5వ అధ్యాయం 10వ శ్లోకంలోని తామరాకులా ఏదీ అంటకుండా ఉన్నాననుకున్నా. కానీ ఆ ఆకు కాడ బురదలోకే దిగుతుంది, లోపలి సన్నటి గొట్టాల్లోంచి అడుగునున్న దుంపకి గాలి పంపుతుంది. శ్లోకం కూడా కర్మలు చేస్తూనే, బ్రహ్మార్పణంగా, సంగం వదలమంటుంది. నేను వైరాగ్యం అని పేరు పెట్టుకున్నది వట్టి భయమండీ.

గుడి మెట్ల దగ్గర అమ్మకి చెప్పేశాను. "ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావా నాన్నా?" అంది.