ఇరుసు ఎవరు అమర్చిరి?

అమెరికా దేశపు పాఠశాలలలో సైన్సు ఉపాధ్యాయులు పిల్లలచేత చేయించు పని ఒకటి కలదు. చెక్కపలకమీద స్ప్రింగు బిగించిన ఎలుకబోను తీసికొని, దాని బలముతోనే నడుచు చిన్న బండిని చేయవలెను. వేరే శక్తి ఏదియు ఉండరాదు. ఇట్టి బోనుకు 1894లో ఇల్లినాయ్ రాష్ట్రమందలి విలియం హుకర్ అనునతడు పేటెంటు పొందెను. ఎలుకను చంపుటకు పుట్టిన వస్తువు పిల్లల బండికి ఎద్దగుట వింతయే!

దాని పద్ధతి మనకు కష్టమైనది కాదు. బోనులో కొట్టు తీగెకు పొడుగాటి పుల్ల కట్టుదురు. పుల్ల కొననుండి దారము తెచ్చి వెనుక ఇరుసుకు చుట్టుదురు. స్ప్రింగు పుల్లను త్రిప్పగా దారము ఊడివచ్చి ఇరుసు తిరుగును. 10 సెంటీమీటర్ల పుల్ల అరచుట్టు తిరిగినయెడల సుమారు 20 సెంటీమీటర్ల దారమే లాగును. 30 సెంటీమీటర్లదైతే 60 లాగును. 5 మిల్లీమీటర్ల మందపు ఇరుసు, 12 సెంటీమీటర్ల వెడల్పు చక్రములు గల బండిని స్ప్రింగు మొదటి పుల్లతో దాదాపు 5 మీటర్లు, రెండవదానితో 14 మీటర్లు నడిపించును. స్ప్రింగు మాత్రము అదే. అయితే పొడుగు పుల్ల తక్కువ బలముతో లాగును గనుక, ఇరుసు బిగుసుకొని యున్నయెడల బండి కదలనే కదలదు. కందెన లేని బండి సంగతి రైతుకు చెప్పనేల?

ఇక ప్రశ్న. తరగతిలో ఇద్దరు పిల్లలున్నారనుకొనుడి. ఒకని బండి తిన్నగా చాల దూరము పోయెను. దాని ఇరుసు తండ్రి అమర్చెను. రెండవవాని బండి 3 మీటర్లకే ప్రక్కకు తిరిగి గోడకు తగిలెను. దానిని వాడే చేసెను. దూరమునుబట్టి మార్కులు వేయుట న్యాయమా?

తండ్రి సహాయమే తప్పని తీర్చుట సులభము. కాని వడ్రంగి కుమారుడు ఉలి పట్టుట తండ్రి చేతిని చూచియే గదా నేర్చును! అయితే ఆ వడ్రంగి, కొడుకు వంకరగా కోసిన ముక్కను తానే సరిచేసి, వాడే చేసెనని ఊరిలో చెప్పడు. వాని చేతికి మరియొక ముక్క ఇచ్చును. చూపుట వేరు, వాని బదులు చేసి వాని పేరు పెట్టుట వేరు. ఓడినవానికి అన్యాయము జరిగినమాట నిజమే. గాని గెలిచినవానికి జరిగినది అంతకంటె పెద్దదని నా తలంపు. బండి ఎందుకు తిన్నగా పోయెనని అడిగిన వానియొద్ద జవాబు లేదు. తండ్రి తనను నమ్మలేదని మాత్రము వానికి తెలిసిపోయెను.

ఓడినవాడు కొలబద్ద తెచ్చి, ముందు ఇరుసుకును వెనుక ఇరుసుకును మధ్య దూరము ఒక ప్రక్క 2 మిల్లీమీటర్లు ఎక్కువని కనుగొనవచ్చును. ప్రతి పరుగులో ఏమి మార్చెనో, ఎంత దూరము పోయెనో, తగ్గిన పరుగులతో సహా వ్రాసిన పుస్తకమును చూచి మార్కులు వేయుట మేలని నాకు తోచుచున్నది.

తండ్రి ప్రక్కన కూర్చుండి, “ఏ వైపునకు తిరుగుచున్నది, నాయనా?” అని అడుగవచ్చును. అడిగి, చేతులు కట్టుకొని యుండవలెను. తెల్లవారితే పోటీ అయినప్పుడు అది ఎంత కష్టమో పిల్లలున్నవారికి తెలియును.