బోను యెదుట ఒక ప్రశ్న

మొన్న సెలవు దినమున పెందుర్తి నుండి బస్సెక్కి విశాఖ జంతుప్రదర్శనశాలకు పోతిమి. పులి బోను యెదుట నా చిన్న కుమార్తె, “నాన్నా, ఇది ఏమి నేరము చేసినది?” అని అడిగెను. నాకు నోట మాట రాలేదు.

సర్కసులలో పులులను, సింహములను ఆడించుట 1998లో నిషేధింపబడగా, అడవిలో బ్రదుకనేరని అనేక మృగములకు ఈ శాల చెంతనే ఆశ్రయము దొరికెను. అరుదైపోవుచున్న రేచుకుక్కల సంతతిని ఇచ్చట పెంచుచున్నారు. మన దురాశ వాటిని చెరపట్టినది. మన కనికరము వాటిని పోషించుచున్నది.

ప్రియ చదువరులారా, ఆదాము మృగములకు పేరులు పెట్టెను. పేరు పెట్టినవాడు క్షేమమునకును ఉత్తరవాది గదా! టిక్కెట్టు కొన్నంతమాత్రమున నిద్రించు మృగముపై రాయి విసరు హక్కు కలుగదు.

తిరుగు ప్రయాణములో బిడ్డతో, “నేరము దానిది కాదమ్మా, మనది” అంటిని.